తోక దూరానికే బాడుగ

హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసే చుట్టాలది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "యాగంటి, బెలుం, గండికోట చూసిపోదామనుకుంటున్నాం. కారు మాట్లాడుకోవాలా, బస్సులుంటాయా?" కారైతే చూడాలనుకున్నవన్నీ చూస్తారు కానీ, మధ్యలో ఏ ఊరొచ్చి పోయిందో తెలీకుండానే ఇల్లు చేరతారు. వట్టి బస్సులనే నమ్ముకుంటే కొలిమిగుండ్లలో అంగడి అరుగు మీద రెండు గంటలు కూర్చుంటారు. నేను రెండూ చేశాను. చేసి చేసి, రెండూ కలిపే పద్ధతి ఒకటి కుదుర్చుకున్నాను. కర్నూల్లో మొదలై కడపలో తేలే నాలుగు రోజుల తిరుగుడు ఎట్లా కట్టుకోవాలో వరసగా చెప్తాను.

ముందు ఒక కాగితం తీసుకోండి. చూడాల్సిన చోట్లు తర్వాత, మొదట బస్టాండ్లు రాయండి. కర్నూలు, నంద్యాల, బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప. ఈ ఆరూ గుంజలు. ఒక గుంజ నుంచి ఇంకో గుంజకు పోవడానికి మీరు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, పొద్దున నుంచి రాత్రి దాకా ఏదో ఒక బస్సు ఉంటుంది. ఇప్పుడు చూడాల్సిన చోట్లను గుంజలకు కట్టేయండి. యాగంటిని బనగానపల్లెకు, గండికోటను జమ్మలమడుగుకు, ఒంటిమిట్టనూ పుష్పగిరినీ సిద్ధవటాన్నీ కడపకు. గుంజ నుంచి అక్కడికి పోయే పది నుంచి పాతిక కిలోమీటర్లను నేను తోక దూరం అంటాను. బాడుగ డబ్బులు ఈ తోకల మీదే ఖర్చు పెట్టాలి. బెలుం ఒక్కటే ఏ గుంజకూ సరిగ్గా కట్టుబడదు. దాని సంగతి దాని చోట చెప్తాను.

రెండో పని నెల చూసుకోవడం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పద్ధతి నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నడవదు. కర్నూలు, నంద్యాల ఎండ 44 డిగ్రీలు దాటుతున్నప్పుడు, రేకుల షెడ్డు కింద బస్సు కోసం కాచుకోమని నేను ఎవరికీ చెప్పను. ఎండాకాలం వచ్చేవాళ్లు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి నేరుగా కారు మాట్లాడుకోవచ్చు.

ఆ కారు గురించి రెండు మాటలు. మన దగ్గర కారు అద్దెకు తీసుకోవడమంటే డ్రైవరుతో సహా బాడుగకు మాట్లాడుకోవడమే. తాళం చేతికిచ్చి పంపే కంపెనీలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. అట్లాంటి బండికి నల్ల పలక మీద పసుపు అంకెలుంటాయి, ట్యాక్సీకి పసుపు పలక మీద నల్ల అంకెలు. తెల్ల పలక బండిని బాడుగకు తిప్పితే జరగరానిది జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది. తక్కువకొస్తుందని ఎవరైనా తెల్ల పలక కారు చూపిస్తే వద్దనండి. ఇక లెక్క. కిలోమీటరు రేటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు కడతారు, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఉండిపోతే ఎంత, టోల్‌గేట్లు ఎవరివి, ఈ నాలుగూ అడగాలి. మీటరు మీరెక్కినప్పటి నుంచి కాదు, షెడ్డు నుంచి షెడ్డుకు తిరుగుతుంది. కర్నూల్లో ఎక్కి కడపలో దిగిపోయినా ఖాళీ బండి తిరిగొచ్చే దూరం మీ మీదే పడుతుంది. కర్నూలు, కడప ప్రయాణానికి కారు కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. ఇది చుట్టి వచ్చే దారి కాదు, ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయే దారి.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకు పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ లాంటి కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తాడు. సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు. నలుగురం పోతున్నాం, కారైతే తలా ఇంత పడుతుంది అని లెక్కేసే కుటుంబాలు ఆ నలుగురిలో ఆడవాళ్లెందరో చూసుకుని మళ్లీ లెక్కేసుకోవాలి. సీటు దొరకడం మాత్రం మునుపటికంటే కష్టమైంది. అందుకే బస్సు బయల్దేరే చోటే ఎక్కమంటాను. దారిలో చెయ్యెత్తి ఎక్కితే నిలబడే ప్రయాణం.

మూడో పని అడగడం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్లు తప్పు చేసేదీ ఇక్కడే. విచారణ కౌంటరు దగ్గరికి పోయి "గండికోటకు బస్సుందా?" అంటే "ఉంది" అంటాడు. అది అబద్ధం కాదు. పొద్దున ఒకటుండొచ్చు, సాయంత్రం ఒకటుండొచ్చు. అడగాల్సింది ఇట్లా: "ఎన్నింటికి పోతుంది, అక్కడ తిరుక్కుని ఎన్నింటికి వస్తుంది, ఆఖరిది ఎప్పుడు, నైట్ హాల్ట్ ఏమైనా ఉందా?" నైట్ హాల్ట్ అంటే రాత్రికి పల్లెలోనే నిలిచిపోయే బస్సు. డ్రైవరూ కండక్టరూ అక్కడే పండుకుని తెల్లారుజామున పాల క్యాన్లతో, కాలేజీ పిల్లలతో టౌనుకొస్తారు. ఆ బస్సు పొద్దున టౌనుకొచ్చేది, సాయంత్రం పల్లెకు పోయేది. మీ తిరుగుడు దానికి సరిగ్గా ఎదురు: పొద్దున పల్లెకు పోవాలి, సాయంత్రం టౌనుకు రావాలి. పల్లె బస్సులు మనకు కుదరవని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గమనించరు. ఆ టైములు బడి గంటను, ఆస్పత్రి ఓపీని, సంతను, రిజిస్ట్రారాఫీసును చూసుకుని పెట్టినవి. ఇటలీలో కొండల మీది పాత ఊళ్లకు పోయే బస్సులదీ ఇదే కథ. బడి పిల్లల కోసం పెట్టిన బస్సులు ఆదివారం వచ్చేసరికి చిక్కిపోతాయి, టూరిస్టులు కారు కోసం వెతుక్కుంటారు. తీరా కారు తీసుకుంటే పాత ఊరి నడిమధ్యకు బయటి బండ్లు రాకూడదన్న బోర్డు దాటినందుకు కెమెరా పట్టిస్తుంది, జరిమానా ఇంటికొస్తుంది. మన దగ్గర ఆ బెడద లేదు. గండికోటలో మసీదు దాకా కార్లు పోతూనే ఉంటాయి. పోకూడదనే నా అభిప్రాయం.

కౌంటర్లో అడిగింది కండక్టరును మళ్లీ అడగండి. ఇద్దరి మాటా కలవకపోతే బస్టాండు బయట టీ బంకు ఆయన్ను అడగండి. ఆయన మాటే ఖాయం, ఎందుకంటే ఏ బస్సు ఎప్పుడొస్తుందో తెలిస్తేనే ఆయన టీ అమ్ముడుపోయేది.

ఇక బయల్దేరుదాం. మొదటి రోజు పొద్దున కర్నూలు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని ఎక్కండి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, పప్పుల పొడి చల్లిన ఈ తిండి ఆకలి తీరుస్తుంది, కడుపు బరువెక్కించదు. కొండారెడ్డి బురుజు ముందురోజు సాయంత్రమే చూసేసి ఉంటే మంచిది. నంద్యాల బస్సు 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు రాళ్లవనం పక్క నుంచి, పాణ్యం మీదుగా పోతుంది. అంతా నాలుగు వరసల రోడ్డు. ఈ ముక్కకు కారు తీసుకోవడం డబ్బు దండగ. బస్సూ కారూ దాదాపు ఒకే సమయానికి చేరతాయి.

కర్నూలు, కడపల మధ్య మందిని మోసే ఆలోచన కొత్తదేం కాదు. కేసీ కెనాల్ అని మనం పిలిచే కర్నూలు, కడప కాలువను సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. పొలాలకు నీళ్లు, పైన పడవలు, రెండు విధాలా లాభమనుకున్నారు. కంపెనీకి నష్టమే మిగిలింది, 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. ఇప్పుడు కాలువలో నీళ్లు పారుతున్నాయి, మనుషులు రోడ్డు మీద పోతున్నారు.

నంద్యాల నుంచి బనగానపల్లెకు రెండు దారులు: బస్సు, రైలు. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం 123 కిలోమీటర్లు. ఎన్నో ఏళ్లు నానిన ఆ పని 2016లో తెమిలింది, ఆ ఆగస్టు నుంచి బండ్లు నడుస్తున్నాయి. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, అన్నీ ఈ లైను మీదే. రోజుకు నడిచే బండ్లు చాలా తక్కువ, వాటి వేళలకు మీ వేళ కలిస్తే వదులుకోకండి. నల్లరేగడి పొలాల మధ్య నుంచి పోతుంది. బనగానపల్లె దాటి ముందుకు పోతే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసిన కోవెలకుంట్ల కూడా కిటికీలోంచి కనిపిస్తుంది.

బనగానపల్లెలో దిగాక తోక మొదలవుతుంది. యాగంటికి బస్సులున్నాయి. కార్తీక సోమవారాలకూ శివరాత్రికీ అవే ఎక్కువవుతాయి. మామూలు రోజుల్లో మాత్రం ఆటో మాట్లాడుకోవడమే తేలిక. పోయేదానికి ఒక్కటే మాట్లాడి దిగిపోతే తిరిగొచ్చేటప్పుడు ఇరుక్కుంటారు, పోయి రావడానికి కలిపే మాట్లాడండి. దారిలో ఆటో ఆయన అడక్కుండానే నవాబు బంగళా చూపిస్తాడు. 2009లో వచ్చిన అరుంధతి సినిమా తర్వాత దానికి అరుంధతి కోట అనే పేరే నిలిచిపోయింది. 1948 దాకా ఈ ఊరు ఒక చిన్న సంస్థానమనీ, మామిడిపండుకు పేరిచ్చిన బనగానపల్లె ఇదేననీ బంగళా ముందు ఫొటోలు దిగే పిల్లల్లో చాలామందికి తెలీదు. యాగంటిలో కోనేట్లో నీళ్లు ఏ కాలంలోనూ ఎండవు. నంది పెరుగుతోందని నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభం అడ్డొస్తోందని పెద్దవాళ్లు చెప్తారు. సాయంత్రం బనగానపల్లెకు తిరిగొచ్చి పండుకోండి. ఊళ్లో వీరబ్రహ్మేంద్రస్వామి ఆవులు కాసిన అచ్చమ్మ ఇల్లూ, పక్కనే రవ్వలకొండా ఉన్నాయి. ఆయన జీవసమాధి కందిమల్లాయపల్లెలో, అంటే మన దారి అవతలి కొసన కడప జిల్లాలో ఉంది. ఇంత దూరం ఆయన నడిచే పోయి ఉంటాడు.

రెండో రోజు బెలుం. ఈ తిరుగుడులో అసలు చిక్కు ఈ రోజే.

బనగానపల్లె నుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా తాడిపత్రి వైపు పోయే బస్సెక్కి బెలుం దగ్గర దిగాలి. పొద్దున మొదటి బస్సులే పట్టుకోండి. ఆ దారిలో బస్సు లోపలే ఒక ఊరవుతుంది. నాపరాళ్ల గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే కూలీలు టిఫిను డబ్బాలతో ఎక్కుతారు. వాళ్ల చెప్పుల మీద, చొక్కా మడతల్లో తెల్లటి దుమ్ము. నా పక్కన ఒకసారి కూర్చున్న అమ్మ ఒళ్లో ఎర్రగడ్డల సంచి, సంచి మీద నిద్రపోతున్న మనవడు. "యాడికి పోతాండావు నాయనా?" అంది. బెలుం గుహలకన్నాను. "ఆ బొక్కలో ఏముందని పోతారో" అని నవ్వి, "మా చిన్నప్పుడు ఊర్లో చెత్తంతా దాంట్లోనే ఏసేటోళ్లు" అంది. నిజమే. 1884లో బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టినా, 1982, 83లలో డానియల్ గెబాయర్ అనే జర్మన్ తన బృందంతో దిగి కొలిచేదాకా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 3,229 మీటర్ల పొడవున్న గుహ చెత్తకుప్పగా ఉండేది. పర్యాటక శాఖ శుభ్రం చేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది.

లోపల గంట, గంటన్నర పడుతుంది. చల్లగా ఉంటుందనుకుని పోవద్దు. గొట్టాల్లోంచి గాలి ఊదుతూనే ఉన్నా ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. కోటిలింగాలు, వేయి పడగలు, మర్రి ఊడలు, సప్తస్వరాల గుహ. పాతాళగంగ దగ్గరికి దిగేసరికి మీరు నేలమట్టానికి 46 మీటర్ల కిందుంటారు. సన్నటి నీటిపాయ కనిపించి, రాతిలోకి పోయి మాయమవుతుంది. వీపు మీద బరువు సంచీతో ఇక్కడికి దిగకండి. బస్సులో వచ్చేవాళ్లకున్న పెద్ద ఇబ్బంది ఈ సంచీయే. కారులో వచ్చినాయన డిక్కీలో పెట్టి దిగుతాడు. మీరు బయట అంగడి ఆయన్ను బతిమాలి, రెండు నీళ్ల సీసాలు కొని, ఆయన దగ్గర పెట్టండి.

బయటికొచ్చాక గండికోట సుమారు 60 కిలోమీటర్లు. ఇక్కడ నేను దెబ్బతిన్నాను. జమ్మలమడుగు వైపు బస్సు మధ్యాహ్నం ఉంటుందని పొద్దునెవరో చెప్పిన మాట పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఎన్నింటికి అని అడగలేదు. అది పోయిన అరగంటకు నేను బయటికొచ్చాను. చెట్టు నీడ కూడా లేని రోడ్డు. చివరికి నాపరాళ్ల ట్రాక్టరాయన కొలిమిగుండ్ల దాకా ఎక్కించుకున్నాడు. పలకల మీద గోనెపట్టా పరిచి "కూసోన్నా, కాళ్లు ఇట్ల పెట్టుకో, పలక జారితే పాదం పోతాది" అన్నాడు. ఆ రోజు గండికోట చేరేసరికి చీకటి పడింది. సూర్యాస్తమయం కోసం పెట్టుకున్న రోజంతా పోయింది.

కాబట్టి బాడుగ బండికి ఒక రోజంతా డబ్బు పెట్టాల్సి వస్తే ఈ రోజే పెట్టండి. రాత్రే బనగానపల్లెలో మాట్లాడుకోండి: పొద్దున బెలుం, మధ్యాహ్నం గండికోటలో దింపేసి బండి వెనక్కి. ఖాళీగా తిరిగిపోయే దూరానికీ కట్టాల్సిందే, అయినా ఇక్కడ గిట్టుబాటే. అట్లా వద్దనుకుంటే బెలుం నుంచి తాడిపత్రికి బస్సులో పోయి, బుగ్గ రామలింగేశ్వరుని గుడి, చింతల వెంకటరమణుని గుడి చూసుకుని, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరండి. చుట్టు దారే, కానీ తాడిపత్రి రాతిపని చూశాక చుట్టు తిరిగామన్న బాధ ఉండదు. మూడోది, బెలుం వదిలేసి బనగానపల్లెలో రైలెక్కి జమ్మలమడుగులో దిగడం. పెద్దవాళ్లతో పోతే నేను అదే చేస్తాను.

జమ్మలమడుగు బస్టాండు బయట ఆటో బేరం ఇట్లా నడుస్తుంది.

"గండికోటకు ఎంతన్నా?"

"పోయేదానికేనా సార్, పోయి వచ్చేదానికా?"

"పోయేదానికే. రాత్రికి అక్కడే ఉంటాం."

"రేపు పొద్దున నేనే వచ్చి తోలుకొస్తా గదా. రెండిటికీ కలిపి చెప్పమంటారా?"

ఒప్పుకోండి. కోటకు పోయే బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, దూరం 15 కిలోమీటర్లు. ఆటో ఆయన నంబరు తీసిపెట్టుకుంటే మర్నాడు తీరిగ్గా రావచ్చు. కోట బయట పర్యాటక శాఖ హరిత హోటలుంది, గుడారాలు వేసి ఇచ్చేవాళ్లున్నారు. ఒక రాత్రి అక్కడే ఉండమనేది నా పట్టుదల. కారువాళ్లు మధ్యాహ్నం మూడుకొచ్చి, లోయ దగ్గర ఫొటో దిగి, చీకటి పడకముందే పోతారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన గండి అది. పొద్దు గుంకేటప్పుడు అవతలి రాయి ఇటుకరంగుకు తిరుగుతుంది, తెల్లారేటప్పుడు బూడిదరంగులోంచి మెల్లగా ఎర్రబడుతుంది. రెండూ చూడాలంటే మధ్యలో రాత్రి గడపాలి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ నడక దూరంలోనే. పెమ్మసాని నాయకుల కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాక, 1652లో ఆయనకు సరుకు చూపించడానికి ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికొచ్చాడు. అంచుల్లో కంచె లేదు. సెల్ఫీ కోసం వెనక్కి నడవకండి.

మూడో రోజు సులువు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సు మీద బస్సు. అక్కడ కారం దోసె తినండి. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు, నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకోండి. బంగారు అంగళ్ల వీధి చూడాలనుకునేవాళ్లకు గంట చాలదు. బ్రహ్మంగారి మఠం పోవాలంటే మైదుకూరులో మారాలి. సాయంత్రానికి కడప.

నాలుగో రోజు కడప తోకలు. వాటిలో ఒంటిమిట్టకు అసలు బాడుగే అక్కర్లేదు. రాజంపేట, తిరుపతి బస్సులన్నీ గుడి ఉన్న ఊరి మీదుగానే పోతాయి, 25 కిలోమీటర్లు. సిద్ధవటం కోటకు బద్వేలు బస్సెక్కాలి. పుష్పగిరికి మాత్రం ఆటో. దేవుని కడప, పెద్ద దర్గా టౌను లోపలివే.

ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో పల్లకీ ఎక్కి కాశీకి బయల్దేరి, కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం దాటిపోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిస్తే పుణ్యం సంగతి తక్కువ, ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎట్లాంటిదనేది ఎక్కువ. బోయీలను ఎక్కడ కుదుర్చుకోవాలో తెలియనివాడికి ఆ దారి దాటేది కాదు. ఆయన దాటినదాన్ని ఇప్పుడు కడప నుంచి కర్నూలు పోయే ఎక్స్‌ప్రెస్ ఒక పూటలో దాటేస్తుంది.

తిరుగు ప్రయాణానికి ఆ బస్సే ఎక్కండి. మైదుకూరు దాటి ఆళ్లగడ్డ బస్టాండులో పది నిమిషాలు నిలుపుతాడు. కండక్టరు వెనక్కి తిరిగి "అహోబిలం పోయేవాళ్లు ఈడ దిగండప్పా, అదో ఎదురుగా ఉండేదే" అని కేకేస్తాడు. పోయినసారి నా చేతిలో కర్నూలు దాకా కొట్టించిన టికెట్టుంది. సంచీ తీసుకుని దిగేశాను.